రాతల బండ ఎక్కడుందో జీవాలు కాసేవాళ్ళని అడగండి

నేను పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. కడప జిల్లాలో ఊరూరా తిరిగి ఆవులకు, గొర్రెలకు టీకాలు వేయడం నా పని. అట్లా తిరుగుతూనే వీరగల్లులు (పోరాడి చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు), శాసనాలు, ఎవరూ పోని పాత గుళ్ళు చూడడం అలవాటైంది. "ఇవన్నీ నీకెట్లా దొరుకుతాయి?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి నేను పాటించే పద్ధతి రాస్తున్నాను. ఉదాహరణలు మా వైపువే అయినా పద్ధతి ఏ జిల్లాలోనైనా పనికొస్తుంది.

గండికోట, లేపాక్షి చూడండి, తప్పకుండా చూడండి. కానీ వాటిని చూసేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు, కాపాడేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. మీ మండలంలో చెరువు కట్ట మీద బోర్లా పడి ఉన్న రాయికి ఎవరూ లేరు. అందుకే మొదలుపెట్టేటప్పుడు దూరం పెట్టుకోకండి. మీ ఊరు ఉన్న మండలం ఒక్కటి తీసుకుని అందులో ఊళ్ళన్నీ పూర్తిచేయండి.

బండి తీసే ముందు ఇంట్లో కొంచెం చదువుకోవాలి. కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి (1754–1821) దగ్గర కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అనే అన్నదమ్ములు పనిచేశారు. వాళ్ళూ, వాళ్ళ మనుషులూ ఊళ్ళు తిరిగి కరణాల చేత ఆయా ఊళ్ళ చరిత్ర చెప్పించి రాయించారు. అవే కైఫియత్తులు. ఊరు ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, చెరువు ఎప్పుడు తెగింది, అన్నీ ఉంటాయి. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చు వేసింది. రాయలసీమ, కోస్తా ఊళ్ళవాళ్ళు ముందు తమ ఊరి కైఫియత్తు ఉందేమో వెతకండి. తెలంగాణ వాళ్ళకు జిల్లాల వారీగా వచ్చిన శాసన సంపుటాలు మంచి దారి. చదివేటప్పుడు పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకోండి: చెరువుల పేర్లు, పాడుబడిన ఊళ్ళ పేర్లు, గుట్టల పేర్లు.

ఆ పేర్లు చాలా చెబుతాయి. ఎవరు కట్టారో జనం మరిచిపోయిన వాటికి పాండవుల పేరో, రాక్షసుల పేరో పెట్టుకుంటారు. తెలంగాణలో రాకాసి గుళ్ళు అనే చోట్ల చాలావరకు ఉండేవి ఇనుప యుగం నాటి సమాధులు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. అక్కడ ఇసుక కింద కప్పబడిన జైన బసది, అంటే జైనుల గుడి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జరిపిన తవ్వకాల్లో బయటపడింది. ముద్దనూరు మండలం చింతకుంట దగ్గర ఆదిమానవులు ఎర్ర రంగుతో, తెల్ల రంగుతో బొమ్మలు వేసిన రాతి చరియలు ఉన్నాయి. అక్కడి బండకు స్థానికులు పెట్టుకున్న పేరు ఎద్దుల ఆవుల గుండు. పరిశోధకులు రాకముందే ఆ బండ మీద ఏముందో చుట్టుపక్కల వాళ్ళకు తెలుసు. వాళ్ళను ఎవరూ అడగలేదు, అంతే.

ఇప్పుడు అడగడం గురించి. ఈ పనిలో ముఖ్యమైనది ఇదే.

ఊళ్ళోకి పోయి "ఇక్కడ శాసనాలు ఉన్నాయా?" అంటే లేవంటారు. "చారిత్రక కట్టడాలు?" అన్నా లేవనే అంటారు. "బండ మీద రాతలు యాడన్నా ఉండాయా? కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ ఉన్న రాయి ఉందా? కొండ మీద గవి (గుహ) ఉందా? ఎండాకాలం కూడా నీళ్ళుండే దొన ఉందా?" అని అడగండి. నేను ఒక గొర్రెల కాపరి పెద్దాయనను ఇట్లాగే అడిగితే, "రాతలా? దేవుని మాన్యం కాడ ఒక బండుండాది డాక్టరమ్మా. కత్తి పట్టుకున్నోడు కూడా ఉండాడు. మేము వీరన్న అంటాం" అన్నాడు. నేరుగా తీసుకుపోయి చూపించాడు. మూడు వరసల బొమ్మలతో నిలువెత్తు వీరగల్లు అది.

జీవాలు కాసేవాళ్ళు ప్రతి బండ నీడనూ ఎరుగుదురు. వాన వస్తే ఎక్కడ దూరాలో, నీళ్ళు ఎక్కడుంటాయో వాళ్ళకు తెలియాలి కదా. పాత కాలపు మనుషులకు కావలసినవీ అవే. ఆ తర్వాత అడగవలసింది ముసలి ఆడవాళ్ళని. ఊళ్ళో ఏ రాయికి పసుపు రాస్తారో, ఏ ఇంటివాళ్ళు ఏ రాయి దగ్గర పొంగలి పెడతారో వాళ్ళు చెబుతారు. ఒక్క ఇంటివాళ్ళే మొక్కే రాయి ఉందంటే తప్పకుండా చూడండి, వాళ్ళ వంశంలో చనిపోయిన వీరుడిది అయ్యుండొచ్చు. గుడి కమిటీవాళ్ళను చివర్లో అడగండి. వాళ్ళు గుడి గొప్పదనం చెబుతారు, గుడి వెనక కసువులో (గడ్డిలో) పడున్న రాయి సంగతి చెప్పరు.

ఎవరూ దొరకకపోతే మీరే వెతకవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. చెరువు కట్ట, తూము దగ్గర. ఊరి పొలిమేర. ఆంజనేయుడి గుడి పక్కన. పాత బావి దగ్గర బట్టలు ఉతికే బండ, వీలైతే దాని అడుగు వైపు కూడా. బొడ్రాయి చుట్టూ. రైతులు పొలానికి తోలుకునే పాటిమన్ను ఎక్కడ తవ్వుతారో అక్కడ. ఒకప్పుడు ఊరుండి పాడైపోయిన దిబ్బ అయితేనే ఆ మన్నుకు అంత సారం. అక్కడ కుండ పెంకులు కనిపిస్తాయి. చూడండి, ఫోటో తీయండి, జేబులో వేసుకోకండి.

చెరువు కట్టను ముందు చెప్పడానికి కారణం మా జిల్లాలోని పోరుమామిళ్ళ. ఆ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో రాసి ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు లక్షణాలు, రాకూడని ఆరు దోషాలు కూడా వరసగా చెప్పారు. ఇంజనీరింగ్ పాఠాన్ని రాతి మీద చెక్కించి నిలబెట్టిన మనుషులు వాళ్ళు. పోరుమామిళ్ళ వైపు పోయేవాళ్ళు అక్కడ ఆగకుండా పోతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

వీరగల్లు కనిపిస్తే కింది నుంచి పైకి చదవండి. కింది వరసలో యుద్ధం: కత్తి, డాలు, విల్లు, ఒక్కోసారి గుర్రం. మధ్య వరసలో వీరుడిని అప్సరసలు రెండు వైపులా పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పై వరసలో శివలింగం ముందు చేతులు జోడించి కూర్చుంటాడు. అన్నిటికన్నా పైన సూర్యుడు, చంద్రుడు, అంటే వాళ్ళున్నంత కాలం ఈ పేరుంటుందని. అన్ని రాళ్ళకూ మూడు వరసలుండవు, చిన్నవాటికి ఒక్క బొమ్మే ఉంటుంది. నేను మొట్టమొదట చూసేది పశువులు ఉన్నాయా అని. కింద వరసలో ఆవులు ఉంటే, మందను మళ్ళించుకుపోయే వాళ్ళతో పోరాడి చనిపోయిన మనిషన్నమాట. ఆవుల మందే ఆస్తి అయిన రోజుల్లో దాని కోసం ప్రాణమిచ్చినవాడికి ఊరు రాయి నిలిపింది. ఆ ఊళ్ళో ఆవులకు టీకాలు వేసి వస్తూ అలాంటి రాయి ముందు నిలబడితే ఆ మనిషి నాకు పరాయివాడిగా అనిపించడు. పులితో పోరాడే బొమ్మలూ ఉంటాయి. స్తంభం లాంటి దాంట్లోంచి గాజులు వేసుకున్న చెయ్యి పైకి లేచి, చేతిలో నిమ్మకాయ ఉంటే అది సతి రాయి, అంటే భర్త చితిలో ప్రాణం విడిచిన ఆడమనిషి గుర్తుగా నిలిపింది.

శాసనమైతే మొత్తం చదవలేకపోయానని దిగులు పడొద్దు. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళ చెన్నకేశవ ఆలయంలో ఉన్న శాసనం సుమారు 575 నాటిది, మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా చెప్పుకుంటున్నది అదే. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడును, అంటే ఇప్పటి కడప జిల్లా వైపు ప్రాంతాన్ని, ఏలుతున్నప్పటిది. ఆ లిపి మామూలుగా తెలుగు చదివేవాళ్ళకు కొరుకుడు పడదు. విజయనగర కాలపు శాసనాలతో మొదలుపెడితే నాలుగైదు అక్షరాలకు ఒకటి వెంటనే పట్టుబడుతుంది, ఆ తర్వాత మిగతావి దారికొస్తాయి. ముందు "స్వస్తిశ్రీ" గానీ "శుభమస్తు" గానీ వెతకండి. తర్వాత "శకవర్షంబులు" అన్న మాట, దాని పక్కన అంకెలు. ఆ అంకెకు 78 కలిపితే మన క్యాలెండరు సంవత్సరం వస్తుంది. పోరుమామిళ్ళది శక 1291, 78 కలిపితే 1369. పుష్యం, మాఘం, ఫాల్గుణం లాంటి నెలలైతే 79 కలపాల్సి రావచ్చు. ఒక్కోసారి అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడంటే ఒకటి, కళ్ళంటే రెండు, వేదాలంటే నాలుగు. వాటిని వెనక నుంచి ముందుకు చదవాలి. చివర్లో శాపం ఉంటుంది. ఈ దానాన్ని చెడగొట్టినవాళ్ళు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతారని. అది దొరికితే దాన శాసనమని నమ్మకంగా చెప్పొచ్చు.

ఫోటోకు వెలుగే ప్రధానం. మిట్టమధ్యాహ్నం ఎండలో చెక్కిన అక్షరం కనిపించదు. పొద్దున ఏడు లోపల, సాయంత్రం ఐదు దాటాక ఏటవాలు ఎండ రాయి మీద పడితే ప్రతి గీతకూ నీడ వస్తుంది. గుడి లోపల చీకటైతే ఫోన్ ఫ్లాష్ వాడకండి. ఇంకొకరి చేత టార్చ్‌లైటు రాయికి పక్కగా, దాదాపు ఆనించి పట్టించి, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫోటో తీయండి. పక్కన ఒక స్కేలు పెడితే కొలత తెలుస్తుంది. రాయి ఒక్కటే కాకుండా చుట్టుపక్కల కనిపించేలా దూరం నుంచి ఒకటి తీయండి, రాయిని రేపు ఎవరైనా జరిపితే ఎక్కడుండేదో దాంతోనే తెలుస్తుంది. ఊరు, మండలం, తేదీ, చూపించినవాళ్ళు చెప్పిన కథ అదే రోజు రాసిపెట్టుకోండి. కథ తప్పనిపించినా వాళ్ళ మాటల్లోనే రాయండి.

అక్షరాలు కనబడాలని సుద్దముక్క రుద్దడం, పిండి చల్లడం, నూనె పూయడం, ఇనుప బ్రష్‌తో గీకడం ఎప్పుడూ చేయొద్దు. మెత్తని బ్రష్, కొంచెం నీళ్ళు చాలు. తడి కాగితం పరిచి సిరా అద్ది తీసే నకలు నేర్చుకున్నవాళ్ళు చేయవలసిన పని. బొమ్మలు వేసిన రాతి చరియల్లో అయితే నీళ్ళు కూడా తగలనివ్వొద్దు, చెయ్యి కూడా పెట్టొద్దు.

గుప్తనిధుల వేటగాళ్ళ వల్ల మా రాయలసీమలో ఎన్ని విగ్రహాలు, ఎన్ని మండపాలు పగిలాయో చెప్పలేను. అందుకే కొత్త మనిషి రాళ్ళ చుట్టూ తిరిగితే ఊరివాళ్ళకు అనుమానం రావడం న్యాయమే. పగలే వెళ్ళండి. ముందు ఊళ్ళో ఎవరికైనా చెప్పి, వాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి. గడ్డపార, పలుగు లాంటివి బండిలో కూడా ఉండకూడదు. భూమిలో నాణేలో విగ్రహాలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది, అది ఇప్పటికీ వర్తిస్తుంది. కాపలా లేని చోటు ఖచ్చితంగా ఎక్కడుందో ఫేస్‌బుక్‌లో పెట్టకండి, ఊరి పేరు చాలు. కొండలెక్కితే తేనెతుట్టెలు చూసుకోండి, రాతి చరియల కింద అవి ఎక్కువ. వానాకాలంలో కసువు పెరిగి పాములు కనిపించవు, రాళ్ళూ కనిపించవు. సంక్రాంతి తర్వాత నుంచి ఎండలు ముదిరేదాకా మంచి కాలం. చెరువులు, జలాశయాలు ఎండినప్పుడు నీళ్ళల్లో మునిగినవి తేలతాయి, ఆ రోజులు వదులుకోవద్దు.

గుళ్ళలో ఒక సంగతి: మూలవిరాట్టును చూసి వచ్చేయకండి. పైకప్పు చూడండి, స్తంభాల అడుగు పలకలు చూడండి, బయట గోడలు చుట్టి రండి. పుష్పగిరి చెన్నకేశవ ఆలయం బయటి గోడల శిల్పాలు చూడడానికే ఒక పూట కావాలి.

దొరికింది కొత్తదో పాతదో ఇంటికొచ్చి సరిచూడాలి. చాలా శాసనాలు ఎప్పుడో నమోదై అచ్చయ్యాయి, పాత సంపుటాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఊరి పేరుతో వెతకండి, పాత తాలూకా పేరుతో కూడా వెతకండి. ఎక్కడా కనిపించకపోతే ఫోటోలు, కొలతలు, చోటు రాసి మీ జిల్లా మ్యూజియానికి, రాష్ట్ర పురావస్తు శాఖకు, మైసూరులో ఉన్న కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి. ఇంకో కాపీ ఆ ఊరి బడికి ఇవ్వండి.

ఒక గుడికి జీర్ణోద్ధారణ జరుగుతుందని తెలిస్తే మాత్రం మిగతా పనులు ఆపి ముందు అక్కడికి వెళ్ళండి. ఎనామిల్ పెయింటు వేసేది, గ్రానైటు పలకలు అతికించేది, పాత రాళ్ళను పునాదిలో వేసేది అప్పుడే. కమిటీ పెద్దలతో తగాదా పెట్టుకుంటే పని జరగదు. "ఈ రాతిలో మీ ఊరి పేరుంది, మీ గుడికి మాన్యమిచ్చిన వాళ్ళ పేరుంది" అని రాయి మీద అక్షరం అక్షరం వేలితో చూపించి చదవండి. తర్వాత ఆ రాయిని గోడ పక్కన నిలువుగా పాతించమని, రంగు వేయొద్దని అడగండి. నేను అడిగిన చోట్ల చాలామంది ఒప్పుకున్నారు.