ఇమేజ్ ఉంది, కానీ కనబడదు

విండోస్ సిస్టం ఇమేజ్ (విండోస్, ప్రోగ్రాములు, ఫైళ్లతో సహా సీ డ్రైవ్ మొత్తానికి తీసిన నకలు) తీసిపెట్టుకున్నవాళ్లు ఒకసారి అది దాచిన బయటి హార్డ్ డిస్క్ తెరిచి చూడండి. అందులో ‘విండోస్‌ఇమేజ్‌బ్యాకప్’ అనే ఫోల్డరు డ్రైవ్ తెరవగానే ఎదురుగా ఉండాలి. ఇంకో ఫోల్డర్లో దూరకూడదు, పేరు మారకూడదు.

నేనేమో చక్కగా సర్దుదామని దాన్ని ‘పాతవి’ ఫోల్డర్లోకి నెట్టాను. మొన్న కావలిలో మా డీటీపీ షాపు సిస్టం పడకేసింది. రికవరీ పెన్‌డ్రైవ్‌తో (విండోస్ పడిపోతే బాగుచేసుకోడానికి చేసిపెట్టుకునేది) లేపితే, ఇమేజే దొరకలేదు పొమ్మంది. శుభలేఖల కోసం కందుకూరు నుంచి వచ్చిన పార్టీ ఎదురుగా కూర్చుని ఉన్నారు, నాకు ఫ్యాను కింద చెమటలు! పక్క కంప్యూటర్లో పెట్టి ఆ ఫోల్డర్ని బయటికి లాగాక, అప్పుడు తేదీతో సహా కనబడింది.

ఇమేజ్ ఎక్కితే సీ డ్రైవ్ అది తీసిన రోజుకి వెళ్లిపోతుంది. ఆ రోజు తర్వాత డెస్క్‌టాప్ మీద దాచినవి గల్లంతే. అందుకని ముందే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి వాటిని కాపీ చేసుకోండి. ‘ఫార్మాట్ అండ్ రీపార్టిషన్’ గడిలో టిక్కు ఉంటే డీ డ్రైవ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది, చూసి నొక్కండి. సంబంధం లేని డిస్కుల కేబుళ్లు నేనైతే పీకేస్తాను.

కొత్త డిస్క్ కొనేవాళ్లకి: పాతది 500 జీబీ అయితే 240 జీబీ ఎస్ఎస్‌డీ మీదకి ఈ ఇమేజ్ ఎక్కదు, లోపల వాడింది 60 జీబీయే అయినా సరే.