ఎమ్మెల్యే ఎన్నికను కోర్టులో సవాలు చేయడం ఎలా?

కౌంటింగ్ అయిన మర్నాడు అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా "కోర్టుకెళ్తాం" అనే మాటే వినిపిస్తుంది. వెళ్లేవాళ్లు తక్కువ. వాళ్లలోనూ చాలామంది పిటిషన్లు విచారణ దాకా రాకుండానే పోతాయి. ఇవి రాసి రాసి, అవే తప్పులు చూసి చూసి విసుగొచ్చి చెబుతున్నాను.

కాగితాల సంగతి తేలికే. ఫారం 20 ఫలితాల పట్టిక, గెలిచినాయన నామినేషన్‌తో ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ (ఆస్తులు, కేసుల వివరాలు), పోలింగ్ ఏజెంట్ల దగ్గరున్న 17సీ నకళ్లు, అంటే బూత్‌లో పోలైన ఓట్ల లెక్క. ఆ 17సీలు చొక్కా జేబుల్లోనే ఉతుక్కి వెళ్లిపోతాయి కాబట్టి పోలింగ్ రాత్రే వసూలు చేసుకోండి.

గడువు ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులు. 2024లో జూన్ 4న ఫలితమొస్తే జూలై 19తో సరి. గోదావరి పొంగి లంకలు మునిగాయన్నా ఆలస్యం మాఫీ కాదు. ముప్పయ్యో రోజు దాటాక వచ్చిన కేసును నేనైతే ముట్టుకోను.

అసెంబ్లీకైనా లోక్‌సభకైనా వెళ్లాల్సింది హైకోర్టుకే, అంటే మనకు అమరావతిలోని నేలపాడు. సర్పంచ్ ఎన్నికైతే ట్రిబ్యునల్, దాని దారి వేరు. త్వరగా తేలుతుందని ఎన్నికల పిటిషన్ బదులు హైకోర్టులో నేరుగా రిట్ వేద్దామనే పెద్దమనుషులు ప్రతిసారీ తయారవుతారు. రాజ్యాంగం 329వ అధికరణ ఆ తలుపు ఎప్పుడో మూసేసింది. 1952లో పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఫీజు దండగ.

ఇక అసలు చిక్కు పిటిషన్‌లో సంగతులు రాయడం. "నియోజకవర్గమంతా డబ్బు పంచారు" అని రాస్తే అది ఉపన్యాసం. ఎవరు, ఎవరికి, ఏ రోజు, ఎక్కడ, ఎంత ఇచ్చారో కావాలి. పోలింగ్ ముందు రాత్రి తొమ్మిదింటికి, ఫలానా పేటలో రామాలయం అరుగు మీద, ఫలానా ఆయన ఫలానా ఓటరు చేతికి ఇంత ఇచ్చాడు అన్నట్టుండాలి. ఇచ్చింది కార్యకర్త అయితే అభ్యర్థి సమ్మతితోనో ఆయన ఎన్నికల ఏజెంటు సమ్మతితోనో ఇచ్చాడని కూడా రాసి తీరాలి. దాన్ని బలపరుస్తూ ఫారం 25 అఫిడవిట్, అంటే ఆ ఆరోపణల మీద ప్రమాణ పత్రం, జతచేయాలి. 45 రోజులు దాటాక కొత్త ఆరోపణ చేరుద్దామంటే కుదరదు.

ఓట్ల మీద గొడవైతే మెజారిటీతో ముడిపెట్టి చూడండి. మెజారిటీ 900, మీరు తప్పుబట్టే ఓట్లు 300 అయితే ఇంట్లో కూర్చోవడం మేలు. నామినేషన్ అన్యాయంగా తిరస్కరించిన కేసుకు మాత్రం ఈ లెక్కతో పనిలేదు, అది రుజువైతే చాలు.

మరో గొయ్యి ఉంది, చదువుకున్న ప్లీడర్లు కూడా పడతారు. నామినేషన్ వేసి ఉపసంహరించుకున్న వ్యక్తి కూడా డబ్బు పంచాడని కోపంలో ఒక వాక్యం రాస్తారు. అవినీతి ఆరోపణ చేశాక అతన్నీ ప్రతివాదిగా చేర్చాలి. చేర్చలేదా, ప్రజాప్రాతినిధ్య చట్టం 86వ సెక్షన్ కింద పిటిషన్ మొత్తం కొట్టేస్తారు. అందుకే గెలిచినాయన తప్ప మరో అభ్యర్థి పేరు ఎత్తొద్దంటాను. మిమ్మల్నే గెలిచినట్టు ప్రకటించమని అడిగితే మాత్రం పోటీలో మిగిలిన అందరినీ చేర్చాల్సిందే. కలెక్టరునీ ఎన్నికల సంఘాన్నీ లాగడం ఉత్త ఆర్భాటం.

ఎంతమంది ప్రతివాదులో అన్ని నకళ్లు కావాలి. ప్రతి నకలు మీదా "నిజ ప్రతి" అని రాసి పిటిషనరే సంతకం పెట్టాలి, ప్లీడరు కాదు. నీలం సిరాతో పెట్టండి, జిరాక్స్ సంతకమన్న అనుమానం రాదు. డిపాజిట్ రెండు వేలు. దాఖలు చేయడానికి స్వయంగా వెళ్లండి. లాయరు ఒక్కడే ఇస్తే చెల్లదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు రోజే విజయవాడ చేరి పడుకోండి.

ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. మీరు మాత్రం ఏళ్లకు సిద్ధపడండి, సాక్షుల ఫోన్ నంబర్లు మారినప్పుడల్లా రాసిపెట్టుకోండి. ఓడితే సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవడానికి 30 రోజులుంటాయి.