పోటీ రోబోలో జాయింట్లు: కరెంటూ గాలీ మధ్యలో ఆగకుండా

ఆట మధ్యలో రోబో ఆగిపోతే అందరి చూపూ ముందు కోడ్ మీదికే పోతుంది. వెతికితే చాలాసార్లు తప్పు ఏదో ఒక జాయింటులోనే ఉంటుంది: వదులైన లగ్గు (వైరు కొసకు నొక్కే లోహపు ముక్క), సగమే దిగిన గాలి ట్యూబు. ఇక్కడ చెప్పే అంకెలు ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ అనే విద్యార్థుల పోటీ) తరహా రోబోలవి: 12 వోల్టుల 18 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీ, 120 ఆంపియర్ల మెయిన్ బ్రేకరు (మొత్తం కరెంటు ఆపే స్విచ్), గాలి ట్యాంకుల్లో 120 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), రెగ్యులేటర్ (ఆ ఒత్తిడి తగ్గించేది) దాటాక 60 పీఎస్‌ఐ. మీ పోటీ వేరేదైతే అంకెలు దాని రూల్ బుక్‌లోవి తీసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

బ్యాటరీ నుంచి మెయిన్ బ్రేకరు దాకా

మొత్తం వైరింగులో ఎక్కువ టైము పెట్టాల్సింది ఈ మూడు అడుగుల దారి మీదే. ఎందుకో ఒక లెక్క చూడండి. 12.6 వోల్టులున్న బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ 20 మిల్లీ ఓమ్స్ అనుకుందాం. రోబో గట్టిగా తోస్తూ 200 ఆంపియర్లు లాగితే బ్యాటరీ లోపలే 4 వోల్టులు పోయి 8.6 మిగులుతాయి. ఇంతవరకు ఫర్వాలేదు. అదే సమయంలో వదులుగా ఉన్న ఒక్క లగ్గు ఇంకో 10 మిల్లీ ఓమ్స్ కలిపిందంటే మరో 2 వోల్టులు పోయి 6.6కి దిగుతుంది. అక్కడికి వచ్చేసరికి కంట్రోలర్ తనను కాపాడుకోవడానికి మోటార్లను ఆపే దశకు చేరుతుంది. పైగా ఆ లగ్గు దగ్గర 400 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరిగిన గుర్తు కనబడితే కారణం ఇదే.

ఇక్కడ 6 గేజ్ వైరు వాడండి (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). లగ్గును సుత్తితో కొట్టో, కటింగ్ ప్లేయర్‌తో నొక్కో అతికించకండి. ఆ సైజు డై ఉన్న క్రింపింగ్ టూల్‌తో నొక్కి, రెండు చేతులతో బలంగా లాగి చూడండి. కదిలితే కోసేసి మళ్లీ చెయ్యండి. బ్యాటరీ టెర్మినల్ బోల్టుకు నైలాక్ నట్టు (లోపలి నైలాన్ రింగు వల్ల తేలిగ్గా వదులవనిది) వేసి, లగ్గును వేళ్లతో తిప్పి చూడండి. చేత్తో తిరిగిందంటే ఆ బిగింపు చాలదు. బ్రేకరు స్టడ్ల మీద నట్లు కూడా అంతే. కుదుపులకు ముందు వదులయ్యేవి అవే, ప్రతి ఆట తర్వాతా స్పానర్ పెట్టి చూడాలి. బ్రేకరు ఎర్ర బటన్‌ను వేరే రోబో తగిలి నొక్కకుండా పక్కన చిన్న గోడ కట్టండి, మనిషి చెయ్యి మాత్రం వెంటనే అందాలి.

మోటార్లు, క్యాన్ బస్

40 ఆంపియర్ల బ్రేకరుకు 12 గేజ్, 30కి 14, 20కి 18. అంతకన్నా సన్నం వద్దు. స్ప్రింగ్ క్లాంపులో పెట్టే వైరు కొసకు సోల్డర్ పూయకండి. సోల్డర్ మెత్తని లోహం, నొక్కుడు కింద మెల్లగా అణిగిపోతుంది. నిన్న బిగువుగా ఉన్నది రేపు వదులవుతుంది. బదులుగా ఫెర్రూల్ (పోగుల మీద తొడిగి నొక్కే చిన్న లోహపు గొట్టం) వెయ్యండి, లేదా పోగులు చెదరకుండా మెలితిప్పి నేరుగా దింపండి. రాగి బయటికి కనబడకూడదు, ఇన్సులేషన్ క్లాంపు కింద ఇరుక్కోకూడదు.

క్యాన్ (కంట్రోలరూ మోటార్లూ మాట్లాడుకునే రెండు వైర్ల లైను) కోసం పసుపు, ఆకుపచ్చ జంటను చివరిదాకా మెలితిప్పే ఉంచండి. పవర్ ఆపి, రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. రెండు చివర్లా 120 ఓమ్స్ టర్మినేషన్ (లైను కొసన పెట్టే రెసిస్టర్) ఉంటే 60 ఓమ్స్ దాపుల్లో చూపాలి. 120 చూపితే ఒక టర్మినేటర్ లేదు, లేదా మధ్యలో వైరు తెగింది. 40 అయితే మూడో టర్మినేటర్ ఎక్కడో ఉంది. సున్నాకు దగ్గరైతే షార్ట్. మీటర్ పెట్టి ఉంచే ఒక్కో కనెక్టర్‌నూ కదపండి, అంకె గెంతిన చోటే తప్పు.

గాలి వైపు

వరస ఇలా ఉండాలి: కంప్రెసర్, దాన్ని ఆనుకుని 125 పీఎస్‌ఐకి సెట్ చేసిన రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మించితే గాలి వదిలేది), ట్యాంకులు, ప్రెషర్ స్విచ్ (ట్యాంకులు నిండగానే కంప్రెసర్‌ను ఆపించేది), గేజి (ఒత్తిడి చూపే మీటరు), చేతికందే చోట వెంట్ వాల్వు (గాలంతా బయటికి వదిలేది), రెగ్యులేటర్, రెండో గేజి, సొలనాయిడ్లు (కరెంటుతో నడిచే వాల్వులు), సిలిండర్లు.

ట్యూబును కత్తెరతో కోస్తే కొస వాలుగా వస్తుంది, ఓ-రింగు మీద సరిగా కూర్చోదు. ట్యూబ్ కట్టర్‌తో నిటారుగా కోసి ఫిట్టింగులోకి తొయ్యండి. మొదట ఒకచోట ఆగినట్టు అనిపిస్తుంది, ఇంకాస్త నొక్కితే లోపలిదాకా దిగుతుంది. ఆ రెండో నొక్కు మరిచిన చోటే లీకులు పుడతాయి. ఫిట్టింగు నుంచి కనీసం 25 మిల్లీమీటర్లు తిన్నగా వచ్చాకే వంపు తిప్పండి. ఒకసారి ఊడదీసిన ట్యూబు కొస గీతలు పడి ఉంటుంది, ఒక సెంటీమీటరు కోసేసి వాడండి. మరలున్న ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు మొదటి రెండు మరలు వదిలేసి, బిగించే దిశలోనే రెండు మూడు చుట్లు చాలు. చివర చుట్టిన టేపు ముక్క ఊడి వెళ్లి సొలనాయిడ్‌లో ఇరుక్కుంటే ఆ వాల్వు అప్పుడప్పుడు మాత్రమే పనిచేస్తుంది, కారణం పట్టుకోవడం చాలా కష్టం.

లీకు చూసేముందు కంప్రెసర్ ఆగాక కొన్ని నిమిషాలు ఆగండి. వేడి గాలి చల్లారుతూ కొన్ని పీఎస్‌ఐ తనంతట తానే తగ్గుతుంది, అది లీకు కాదు. ఆ తర్వాత కూడా ముల్లు దిగుతుంటే ప్రతి జాయింటుకూ సబ్బు నురగ రాయండి. సొలనాయిడ్ వైర్ల మీద మాత్రం పడనివ్వకండి.

గాలి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టకుండా సిలిండర్ ఎంచుకోవద్దు. 38 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం), 200 మిల్లీమీటర్ల స్ట్రోక్ (కదిలే దూరం) ఉన్న సిలిండర్ 60 పీఎస్‌ఐతో సుమారు 48 కిలోల బలంతో తోస్తుంది. కానీ ఒక్కసారి బయటికి వస్తే 574 మిల్లీలీటర్ల ట్యాంకులో దాదాపు 30 పీఎస్‌ఐ తినేస్తుంది. వెనక్కి పోవడానికి దాదాపు అంతే. అంటే నిండు ట్యాంకు ఒక్కసారి ముందుకూ వెనక్కూ కదిపేసరికి 60కి దిగుతుంది. చెయ్యి పైకెత్తడానికి 40 పీఎస్‌ఐ చాలితే రెగ్యులేటర్ తగ్గించండి, పావు వంతుకు పైగా గాలి మిగులుతుంది. చిన్న బోర్ సరిపోతే ఇంకా మంచిది.

సిలిండర్ కదలకపోతే సొలనాయిడ్ మీది చిన్న మాన్యువల్ బటన్ నొక్కండి. అప్పుడు కదిలితే గాలి సరే, తప్పు వైరులోనో కోడ్‌లోనో. 12 వోల్టుల పోర్టుకు 24 వోల్టుల కాయిల్ తగిలించారేమో కూడా చూడండి. అప్పుడూ కదలకపోతే తప్పు గాలి వైపు: ట్యూబులు తారుమారు కావడం, ఫ్లో కంట్రోల్ (గాలి పోయే వేగం తగ్గించేది) పూర్తిగా మూసుకుపోవడం, లేదా పైలట్ వాల్వుకు (గాలి ఒత్తిడి సాయంతో తెరుచుకునేది) చాలినంత ప్రెషర్ లేకపోవడం.

సింగిల్ (ఒకే కాయిల్), డబుల్ (రెండు కాయిల్స్) సొలనాయిడ్ల ఎంపిక బరువు చూసి చెయ్యండి. పవర్ పోగానే సింగిల్ సొలనాయిడ్ స్ప్రింగుతో వెనక్కి వస్తుంది, డబుల్ మాత్రం అప్పటికి ఏ స్థితిలో ఉందో అందులోనే ఉంటుంది. పైకెత్తిన బరువు ఒక్కసారిగా కింద పడితే చేతులు నలిగే చోట డబుల్ వాడండి.

రోబోలో చెయ్యి పెట్టేముందు రక్షణ కళ్లజోడు పెట్టుకుని, మెయిన్ బ్రేకరు ఆపి, వెంట్ వాల్వు తెరిచి, రెండు గేజీలూ సున్నాకు వచ్చాయని చూడండి. ఎక్కడైనా చెక్ వాల్వుతో (గాలిని ఒక వైపే పోనిచ్చేది) సిలిండర్‌ను నిలబెట్టి ఉంటే గేజీలు సున్నా చూపినా అందులో గాలి ఉండిపోతుంది. దానికి విడిగా ఇంకో వెంట్ పెట్టి, పక్కనే ఎర్ర టేపు అంటించండి.