ఇంట్లోనే కారు డ్రైవింగ్ – 7వ భాగం: ఎత్తు మీద ఆగిన బండిని కదిలించడం

పోయిన భాగంలో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, ఒక్క క్లచ్‌తోనే చదును నేల మీద బండిని కదిలించాం. అది కాలికి అలవాటయ్యాకే ఈ భాగంలోకి రండి. ఎత్తు మీదా చేసేది అదే పని. బరువు ఎక్కువ, టైమ్ తక్కువ, అంతే తేడా.

విజయవాడలో ఎత్తు అనగానే ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు గుర్తొస్తుంది. కొత్తవాళ్లకు రోజూ టెన్షన్ పెట్టే చోట్లు మాత్రం వేరే ఉన్నాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువల వంతెనల దగ్గర రోడ్డు కాస్త లేస్తుంది, సరిగ్గా అక్కడే ట్రాఫిక్ ఆగుతుంది. వెనక ఆటో అతుక్కుపోయినట్టు నిలబడి ఉంటుంది. వీటన్నిటికంటే నిటారుగా ఉండేది మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు. అందుకే ఈ పాఠమంతా ఆ ర్యాంపు మీదే నేర్చుకుందాం.

ముందు బండి ఎందుకు జారుతుందో చూద్దాం. 10 మీటర్లు ముందుకు వెళ్తే 1 మీటరు పైకి లేచే రోడ్డు మీద, 1200 కిలోల కారును వెనక్కి లాగే బలం దాదాపు 120 కిలోల బరువుకు సమానం. చాలా ర్యాంపులు ఇంతకంటే నిటారుగానే ఉంటాయి. బ్రేక్ మీద నుంచి కాలు తీసిన క్షణంలో ఆ బరువును ఎవరో ఒకరు మోయాలి. బ్రేక్ వదిలేలోపే ఇంజన్ దాన్ని అందుకోవాలి. హ్యాండ్ బ్రేక్ ఆ అందుకోవడానికి మీకు టైమ్ ఇస్తుంది తప్ప బండిని ఎక్కించదు. ఎక్కించేది మీ ఎడమ కాలే.

మామూలు హ్యాండ్ బ్రేక్ లివర్ ఉన్న బండితో మొదలుపెడదాం. ఉదయం రద్దీ తగ్గాక, ర్యాంపు పొడిగా ఉన్నప్పుడు రండి. కార్లు కడిగిన నీళ్లు పారుతుంటే ఆ రోజుకు మానేయండి, టైర్లు తిరిగినచోటే తిరుగుతాయి. వాచ్‌మన్‌ను పైన గేటు దగ్గర నిలబడమనండి. ర్యాంపు మధ్యలో బానెట్ లేచిపోయి మీకు రోడ్డు కనపడదు, "ఆగండమ్మా, బండొస్తోంది" అని చెప్పే మనిషి పైన ఉండాలి. మీ వెనక ఎవరూ నిలబడకుండా కూడా అతన్నే చూడమనండి.

ర్యాంపు సగంలో ఆపండి. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, క్లచ్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేర్ వేయండి. ఇప్పుడు కుడి కాలు బ్రేక్ మీద నుంచి యాక్సిలరేటర్ మీదకు మార్చండి. ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం మీటర్‌లో ముల్లు 1500, 2000 మధ్య నిలిచేలా కొద్దిగా తొక్కి, అక్కడే ఉంచండి. ఇక క్లచ్‌ను చాలా నెమ్మదిగా వదలండి. హాఫ్ క్లచ్‌కు, అంటే క్లచ్ సగం లేచి ఇంజన్ బలం చక్రాలకు అందడం మొదలయ్యే చోటికి వచ్చేసరికి ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, ముల్లు కొంచెం కిందకు వాలుతుంది, సీటులో సన్నని వణుకు తెలుస్తుంది, బానెట్ అంచు కొద్దిగా పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఇవి కనపడగానే ఎడమ పాదాన్ని అక్కడే బిగించి ఆపేయండి. పాఠం మొత్తంలో కష్టమైంది ఇదొక్కటే. భయపడితే పాదం దానంతటదే పైకి లేస్తుంది, బండి ఆఫ్ అయిపోతుంది. మడమను ఫ్లోర్ మ్యాట్‌కు ఆనించి, పాదం ముందు భాగంతోనే క్లచ్ ఆడిస్తే నిలకడ వస్తుంది.

పాదం నిలిచాక లివర్ బటన్ నొక్కి మెల్లగా దించండి. బండి కదలకుండా నిలబడినా ఫర్వాలేదు, యాక్సిలరేటర్ ఇంకొంచెం ఇవ్వండి. కదిలిన వెంటనే క్లచ్ వదిలేయకండి. బండి రెండు మూడు మీటర్లు పోయాక పూర్తిగా వదలండి.

మధ్యలో ఆఫ్ అయితే మొదట బ్రేక్, తర్వాత క్లచ్, ఆ తర్వాతే స్టార్ట్. చేయి ముందు కీ వైపు వెళ్తుంది, వెళ్లనివ్వకండి. ఇంజన్ ఆగినా, పెడల్ తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లో ఒకటి రెండుసార్లు తొక్కడానికి సరిపడా బలం మిగిలి ఉంటుంది. అందుకే పదేపదే కొట్టకుండా ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోండి.

ఇప్పుడు లివర్ బదులు, గుండ్రని గీతలో పి అక్షరం ఉన్న చిన్న స్విచ్ ఉండే బండ్ల సంగతి. ఈ ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చింది. మన దగ్గర 2017లో వచ్చిన జీప్ కంపాస్‌లో మాన్యువల్ గేర్ బండికీ ఇదే ఇచ్చారు. చాలా బండ్లలో వెనక చక్రాల బ్రేక్ దగ్గరే చిన్న మోటార్ ఉంటుంది. స్విచ్ పైకి లాగితే మోటార్ తిరిగి ప్యాడ్లను డిస్కుకు నొక్కుతుంది. సన్నగా గర్రుమనే చప్పుడు వినిపిస్తుంది, మీటర్‌లో ఎర్ర లైటు వెలుగుతుంది.

లివర్ మీద నేర్చుకున్నది ఇక్కడ యథాతథంగా పనికిరాదు. లివర్‌ను వేలెడు వేలెడు దించవచ్చు, స్విచ్‌కు సగం అనేది లేదు. పైగా, చేత్తో వదలాలంటే చాలా బండ్లు బ్రేక్ పెడల్ తొక్కి ఉంచమంటాయి. కుడి కాలు బ్రేక్ మీద ఉంటే యాక్సిలరేటర్ ఎవరు తొక్కాలి? కొత్తవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. కాలు యాక్సిలరేటర్ మీద ఉంచి చేత్తో స్విచ్ నొక్కుతారు, బ్రేక్ తొక్కమని మెసేజ్ వస్తుంది, కంగారులో రెండు కాళ్లూ వదిలేస్తారు.

స్విచ్ జోలికే పోకండి. ఈ బండ్లలో చాలావాటికి కదలగానే తనంతట తాను వదిలే ఏర్పాటు ఉంది. డోర్ మూసుందా, సీట్ బెల్ట్ పెట్టారా, గేర్ పడిందా, క్లచ్ ఎంతదాకా లేచింది, ఇంజన్ ఎంత బలం ఇస్తోంది, రోడ్డు ఎంత వాలుగా ఉంది అన్నవి బండి చూసుకుంటుంది. హాఫ్ క్లచ్ దగ్గర బలం చాలు అనిపిస్తే మోటార్ వెనక్కి తిరుగుతుంది. మీరు చేసేది పైన నేర్చుకున్నదే: కొద్దిగా యాక్సిలరేటర్, ఆపై నెమ్మదిగా క్లచ్. బ్రేక్ వదలడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణంలో 'ఇంకా కదల్లేదేంటి' అని రేజ్ చేస్తే, వదలగానే బండి ఎగిరి ముందుకు పడుతుంది. బెల్ట్ పెట్టుకోకపోతే కొన్ని బండ్లు అసలు వదలవు. ఏ బండి ఏం అడుగుతుందో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, ఆ పేజీ చదివాకే ర్యాంపు ఎక్కండి.

హిల్ హోల్డ్ అనేది వేరే సంగతి. బ్రేక్ మీద నుంచి కాలు తీశాక దాదాపు 2 సెకన్లు మాత్రమే అది బండిని పట్టుకుంటుంది, తర్వాత వదిలేస్తుంది. కొత్తవాళ్లు దానిమీద భరోసా పెట్టుకోవద్దు. ఆటో హోల్డ్ స్విచ్ ఉంటే అది మీరు కదిలించేదాకా పట్టుకునే ఉంటుంది, వంతెన మీది ట్రాఫిక్‌లో ఎంతో ఉపయోగం. ఈ రెండూ లేని బండిని కొందరు హాఫ్ క్లచ్ మీదే ఊగిస్తూ నిలబెడతారు. చూడ్డానికి నైపుణ్యంలా కనిపిస్తుంది కానీ, లోపల క్లచ్ ప్లేట్ అరిగిపోతుంటుంది. మాడిన వాసన వచ్చిందంటే ఆ రోజుకు ప్రాక్టీస్ ఆపి, బండిని చల్లారనివ్వండి.

స్విచ్ బండి ఉన్నవాళ్లకు ఇంకో రెండు మాటలు. బ్యాటరీ పూర్తిగా డౌన్ అయితే ఈ బ్రేక్ వదలదు, పదిమంది నెట్టినా కదలదు. జంప్ స్టార్ట్ చేయాల్సిందే. ఆటోనగర్‌లో వెనక బ్రేక్ ప్యాడ్లు మార్పిస్తుంటే, ముందు స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి (మోటార్ పూర్తిగా వెనక్కి తిరిగి ఉండే స్థితి) తీసుకెళ్లారా లేదా అని పక్కనే నిలబడి అడగండి. ఆ మోడ్‌లో పెట్టకుండా, ప్యాడ్లను తోసే పిస్టన్‌ను బలవంతంగా లోపలికి నొక్కితే మోటార్ దెబ్బతింటుంది.

ర్యాంపు మీద వెనక్కి జారకుండా, ఆఫ్ అవకుండా వరుసగా ఐదుసార్లు ఎక్కించగలిగాక వంతెనల మీదకు వెళ్లండి. దసరా రోజుల్లో ఘాట్ రోడ్డు వైపు మాత్రం పోకండి. వచ్చే భాగంలో ఇదే ర్యాంపును రివర్స్‌లో ఎక్కిస్తాం. ఈలోగా చదును నేల మీద రివర్స్ గేర్‌లో హాఫ్ క్లచ్ ఎక్కడ అందుతుందో చూసి పెట్టుకోండి.