పండుగప్ప చేప పిల్లలను చెరువులో వదిలే ముందు

☐ హేచరీ (చేప పిల్లలను పుట్టించే కేంద్రం) నీళ్లలో, చెరువులో ఉప్పు ఎంతుందో రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు కొలిచే పరికరం) చూశారా? నాలుక మీద వేసుకుని చెప్పే లెక్క నమ్మొద్దు.

☐ తేడా ఉంటే పిల్లలను తొట్టెలో ఉంచి, చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలపండి. ఉప్పును గంటకు 1–2 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) మించి దించొద్దు. పండుగప్ప మంచినీళ్లలోనూ బతుకుతుంది కదా అని తొందరపడతారు, అక్కడే దెబ్బ. చేప రక్తంలో ఉప్పు, సముద్రపు నీటిలో ఉండే ఉప్పులో దాదాపు మూడో వంతు. చప్పనీళ్లలోకి రాగానే నీరు ఒంట్లోకి చేరి రక్తం పలచబడుతుంది. మూత్రపిండాలు ఆ నీటిని తోడెయ్యాలి, మొప్పలు ఉప్పును లోపలికి లాక్కోవాలి. దీనికి శక్తి, ఆక్సిజన్ ఖర్చవుతాయి.

☐ అందుకే ఏరియేటర్ (నీళ్లలోకి గాలి పంపే యంత్రం) ఆగకూడదు. కరెంటు పోతుందన్న భయం ఉంటే జనరేటర్ సిద్ధంగా ఉంచండి.

☐ ఆ పూట మేత వద్దు. అరుగుదలకూ ఆక్సిజన్ కావాలి.

☐ పిల్లలు ఒరిగిపోతుంటే నీళ్లు కలపడం ఆపండి.