క్రియాటినిన్ 1.1 ఉంటే ఫుల్ డోసు రాయొచ్చా? ముందు ఈ లెక్క కట్టండి

78 ఏళ్ల అవ్వ. బరువు 42 కిలోలు, సీరం (రక్తంలోని) క్రియాటినిన్ 1.1 మి.గ్రా./డె.లీ. రిపోర్టు చూసి 'కిడ్నీలు బాగానే ఉన్నాయి' అనుకుని లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 750 మి.గ్రా. రోజూ ఒకటి రాసేస్తుంటారు. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం, దాన్ని కిడ్నీలు బయటికి పంపుతాయి. ఒంట్లో కండ కరిగిపోయినవాళ్లకు కిడ్నీ పనితనం బాగా పడిపోయినా ఆ అంకె పెద్దగా పెరగదు. అందుకే డోసు రాసేముందు కాగితం మీద లెక్క కట్టాలి.

ఇది 1976 నాటి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం. 140లోంచి వయసు తీసేసి, మిగిలినదాన్ని బరువుతో గుణించండి. 72ని క్రియాటినిన్‌తో గుణించి, ఆ వచ్చినదాంతో భాగించండి. ఆడవాళ్లకైతే చివర్లో 0.85తో గుణించాలి.

అవ్వకు: 62 × 42 = 2604. 72 × 1.1 = 79.2. భాగిస్తే 32.9, దాన్ని 0.85తో గుణిస్తే 28. అంటే క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీలు క్రియాటినిన్ తీసేసి శుభ్రం చేసే రక్తం) నిమిషానికి 28 మి.లీ. 20 నుంచి 49 మధ్య ఉంటే ఆ 750 రోజు విడిచి రోజే ఇవ్వాలి.

ల్యాబ్ ఇచ్చే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడకట్టే వేగం అంచనా) మాత్రం, 2021 సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం, ఈమెకు 51 చూపిస్తుంది! అది ఒంటి వైశాల్యం 1.73 చదరపు మీటర్లు అనుకుని వేసిన అంకె. అవ్వ ఎత్తు 150 సెం.మీ. అయితే ఆమె వైశాల్యం 1.32 మాత్రమే. 51ని 1.32తో గుణించి 1.73తో భాగిస్తే 39కి దిగుతుంది. ఏ అంకె వాడాలన్నది మందును బట్టి ఉంటుంది. లెవోఫ్లాక్సాసిన్, ఎనాక్సపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), గాబాపెంటిన్ (నరాల నొప్పి మందు) డోసు పట్టికలు క్లియరెన్స్‌తో రాసినవి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌కు ఈజీఎఫ్ఆర్ చూడాలి: 30 లోపుకి పడితే ఆపేయాలి, 30-45 మధ్య ఉన్నవాళ్లకు కొత్తగా మొదలుపెట్టకూడదు.

బరువు నోటిమాటగా అడిగి రాయకండి, తూచండి. బాగా లావుగా ఉన్నవాళ్లకు అసలు బరువు వేస్తే క్లియరెన్స్ ఎక్కువగా వస్తుంది, సవరించిన బరువు (ఎత్తుకు తగ్గ బరువుకూ అసలు బరువుకూ మధ్యలో ఉండే అంకె) వాడాలి. గల్ఫ్ నుంచో బ్రిటన్ నుంచో తెచ్చుకున్న రిపోర్టులో క్రియాటినిన్ 97 అని కనిపిస్తే కంగారుపడకండి, అది మైక్రోమోల్ లెక్క. 88.4తో భాగిస్తే మన 1.1 వస్తుంది.

క్రియాటినిన్ రోజురోజుకీ పెరుగుతున్న పేషెంటు దగ్గర ఈ సూత్రాలేవీ పనికిరావు. నిన్న 1.2, ఇవాళ 2.4 అయితే అసలు పనితనం సూత్రం చెప్పేదానికన్నా చాలా తక్కువ. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకూ ఇవి వాడకూడదు. కాలు తీసేసినవాళ్లు, ఏళ్లుగా మంచానపడ్డవాళ్ల విషయంలో కండ మీద పెద్దగా ఆధారపడని సిస్టాటిన్-సీ రక్తపరీక్ష చేయిస్తే మేలు. ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ వాడుతుంటే కిడ్నీకి ఏమీ కాకపోయినా క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది.

ఇంకొకటి, దీన్ని తరచూ మరిచిపోతారు: తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో యాంటీబయాటిక్ మొదటి డోసు సాధారణంగా తగ్గించరు. అవ్వకైనా మొదటి 750 పూర్తిగా ఇవ్వాల్సిందే. రెండో డోసు 48 గంటల తర్వాత. ఆ తేదీ, టైము కేస్‌షీట్‌లో రాసిపెట్టండి, లేకపోతే మర్నాడు డ్యూటీ నర్సు అలవాటు కొద్దీ ఇంకో మాత్ర ఇచ్చేస్తారు.