విల్లును ముందు చూడాలా, బాణాన్నా?

శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో సవర, జాతాపు గిరిజనులకు విల్లు కొత్త వస్తువు కాకపోయినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును గానీ, అడవిపందిని గానీ, కణుజును గానీ వేటాడటం నేరం. అందుచేత ఇక్కడ విల్లు కొనేవారు గురి సాధన కోసమే కొనాలి.

వేటకు అనుమతి ఉన్న దేశాల్లో జంతువును బట్టి విల్లును ఎంచుకుంటారు. అమెరికాలో జింకకు సాధారణంగా 40 పౌండ్లు, ఎల్క్ వంటి పెద్ద జంతువుకు 50 పౌండ్లు, అంతకు పైన లాగుడు బలం (నారిని పూర్తిగా లాగడానికి కావాల్సిన బలం) ఉన్న విల్లు వాడతారు. చిన్న జంతువులకు బాణానికి మొండి ములికి (మొన) చాలు. పెద్దవాటికి వెడల్పైన పదును ములికి, బరువైన బాణం కావాలి, ఎందుకంటే బరువైన బాణం వేగంలో వెనుకబడినా లోతుగా దిగుతుంది.

సాధనకు ఆ బలం అక్కరలేదు. కొత్తగా నేర్చుకునే పెద్దవారికి 20 నుంచి 25 పౌండ్ల విల్లు సరిపోతుంది; బలమైన విల్లు కొని భుజం నొప్పి తెచ్చుకోవడం వృథా ఖర్చు. చేతులు బార్లా చాచి, ఆ పొడవును 2.5తో భాగిస్తే మీ లాగుడు పొడవు, అంటే మీరు నారిని వెనక్కి లాగే దూరం, సుమారుగా తెలుస్తుంది. బాణం దానికంటే కనీసం ఒక అంగుళం ఎక్కువ ఉండాలి.

చాలామంది పట్టించుకోనిది బాణపు బిగువు. 500 అని రాసిన బాణాన్ని 28 అంగుళాల ఎడంలో రెండు చివరలా ఆనించి, మధ్యలో 880 గ్రాములు వేలాడదీస్తే అర అంగుళం వంగుతుంది. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. తేలికపాటి విల్లుకు మెత్తని బాణమే నప్పుతుంది. దుకాణంలో పరీక్షించేటప్పుడు బాణం లేకుండా నారిని లాగి వదలకండి, విల్లు విరిగిపోవచ్చు.